ఎనిమిది రోజుల బోరు నీళ్లు

కార్ల ఫ్యాక్టరీ పని మీద కొరియా నుంచి వచ్చి అనంతపురంలో కాపురముంటున్న సూజిన్ మేడంకు పొద్దున్నే క్యాప్సూల్ కాఫీ పడాలి. మిషన్ మీట నొక్కి, మొదటి గుక్కకు కళ్లు మూసుకుంటే ఆమె సొంతూళ్లో ఉన్నట్టే.

ఆ రోజు కాఫీ చుక్కలు చుక్కలుగా కారి ఆగిపోయింది. ఎర్ర దీపం వెలిగింది. పనిమనిషి బయమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఈ పని పోతే ఇల్లు గడవదు.

మేడం మిషన్ విప్పింది. లోపలంతా సున్నం పూసినట్టు తెల్లగా గడ్డకట్టి ఉంది.

"ఏ నీళ్లు, బయమ్మా?"

"మంచినీళ్ల క్యాన్లు రాలా మేడం. ఎనిమిది దినాలు బోరు నీళ్లే పోసినా. తప్పయిపోయింది."

మేడం తిట్టలేదు. "మీ ఇంట్లో?" అని మాత్రం అడిగింది.

"మేం తాగేదీ అవే గదా."

మేడం ఆ తెల్లటి గడ్డను గోటితో గీకి, బయమ్మ మొహంలోకి అదోలా చూసింది. పని పోతుందన్న భయం ఎటు పోయిందో, అంతకన్నా పెద్దది పట్టుకుంది. ఇనుప యంత్రమే ఎనిమిది రోజులు ఓర్చుకోలేని నీళ్లు! మోకాళ్లు వంగక మూడేళ్లుగా మంచం దిగని మొగుడు ఓబులేసు గుర్తొచ్చాడు.

పరుగున ఇంటికి పోయి, మనవరాలు లహరి నోరు తెరిపించింది. పళ్ల నిండా గోధుమరంగు చారలు. సరిగ్గా తోముకోవడం లేదని ఆ పిల్లను రెండేళ్లుగా కొడుతూనే ఉంది.