నాలుగు చేతుల పుల్లరు

మలుపు దాటి మూడో గేరు వేసేసరికి వెనక ఎడమ చక్రం మోత అందుకుంది. కాటాబ్బాయి రేడియో కట్టేసి, అద్దం దించి, మెడ ఓ పక్కకి వంచి విన్నాడు. నిన్నటిదాకా తుమ్మెద తిరిగినట్టుండేది, ఇవాళ తిరగలి తిప్పినట్టుంది. స్టీరింగు కుడికి తిప్పితే పెరుగుతోంది, ఎడమకి తిప్పితే తగ్గుతోంది. బేరింగే. ఇంకా నాన్చితే లాభం లేదు. డిక్కీలో కొత్త బేరింగు పాత తువ్వాలులో చుట్టి సిద్ధంగానే ఉంది. లేనిదల్లా పాతదాన్ని ఊడలాగే పుల్లరు.

పుల్లరంటే చూడడానికి ముక్కాలిపీటని తిరగేసినట్టుంటుంది. దాని మూడు కాళ్ళనీ బేరింగు వెనక్కి తగిలించి, నడిమధ్యనున్న పొడవాటి బోల్టు బిగిస్తూ పోవాలి. ఇరుసుని కరుచుకున్న బేరింగు మొండికేసి, మొండికేసి, చివరికి బయటికొస్తుంది. ఆ పనిముట్టు కాటాబ్బాయి దగ్గర ఏనాడూ లేదు. అతని బావ దగ్గరుంది. బావంటే భార్యకి అన్నగారు, బస్సు డిపోలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. వయసులో ఇద్దరికీ పెద్ద తేడా లేదు కనక ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. ఫోనులో ఎవరు ఎవర్ని తిడుతున్నారో పక్కవాళ్ళకి తెలిసేది కాదు.

పొద్దున క్యారేజీ సర్దుతూ భార్య ఆ మాటే ఎత్తింది.

"ఆ లాగేది మీరే ఒకటి కొనుక్కోండి. షాపులో కొత్తరకం వచ్చాయటగా, ఒక్కరే చేసుకోవచ్చట."

"ఎందుకూ? బావ దగ్గరుందిగా."

"అన్నయ్య చేతులు వణుకుతున్నాయి. పోయిన ఎండాకాలం జారిందిగా. ఇంకోసారి జారితే మీ వేలు సంగతి దేవుడెరుగు, ఆయన పరువు పోతుంది."

అతను ఎడమ బొటనవేలు చూసుకున్నాడు. గోరు సగం వరకు ఇంకా నల్లగానే ఉంది. ఆ రోజు కారు తలుపులో నలిగిందని ఇంట్లో అబద్ధం చెప్పాడు. అతను ఇల్లు చేరేలోపే బావ చెల్లెలికి ఫోన్ చేసి, "నా చెయ్యే పట్టు తప్పిందమ్మా" అని ఏడ్చాడని తర్వాతెప్పుడో తెలిసింది.

"కొంటే బావకేం చెప్పను?" అన్నాడు.

భార్య క్యారేజీ మూత నొక్కింది.

ఊరి చివర, గోదాముల వరసకి ఎదురుగా ఉంది లారీలు తూచే వేబ్రిడ్జి. రోడ్డుకి సమంగా పరిచిన పెద్ద ఇనప పలక, పక్కన రేకుల గది, గదికి ఓ కిటికీ. కిటికీ వెనక కుర్చీ మీద కారు పాత సీటు కవరుతో భార్య కుట్టిచ్చిన దిండు. మీసం కూడా సరిగ్గా రానినాడు ఆ గదిలో చేరాడు. అప్పుడు లారీవాళ్ళు పెట్టిన పేరు కాటాబ్బాయి. ఇప్పుడు తలంతా ముగ్గుబుట్టైనా అబ్బాయి అబ్బాయిగానే మిగిలిపోయాడు. లారీ పలకెక్కగానే, అంకె వెలగకముందే, అరికాళ్ళకి చిన్న అదురు తెలుస్తుంది. ఆ అదురు ఆగాక చీటీ చింపి కిటికీలోంచి అందిస్తాడు. జీవితమంతా అతను చేసిన ఉద్యోగం అంతే.

ఆ పూట మొదటి లారీ డ్రైవరు తలుపు తీసి అరిచాడు. "బాబాయ్, నేను దిగాలా?"

"కూర్చోరా. నువ్వున్నా లేకపోయినా కాటాకి ఒకటే."

డ్రైవరు పళ్ళికిలించాడు. కాటాబ్బాయి కూడా నవ్వాడు గానీ మనసు చక్రం దగ్గరే ఉంది.

ఆ పుల్లరు బావ సొంతంగా చేసింది. కాటాబ్బాయి ఈ కారు కొన్న ఏడాది అది. కొత్తదేం కాదు, అప్పటికే ఇద్దరు యజమానుల్ని విసిగించిన బండి. కొన్న నెలలోనే చక్రం కూయడం మొదలెట్టింది. "నేను బతికుండగా నా చెల్లెలి కారు మెకానిక్కు మొహం చూడకూడదు," అని బావ భీషణ ప్రతిజ్ఞ చేశాడు. డిపోలో విరిగిన కమాను పట్టీలు మూడు ఏరుకొచ్చి, కొలిమిలో వంచి, చివర్లు ఆకురాయితో కొక్కేల్లా అరగదీసి ఈ మూడు కాళ్ళ వింతని తయారుచేశాడు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, దాన్ని ఆదివారం ఆదివారం నూనె గుడ్డతో తుడిచేవాడు. ఒకటే లోపం. బోల్టు బిగిసేకొద్దీ కాళ్ళు బయటికి విచ్చుకుని జారిపోయేవి. ఒకరు రెండు చేతులతో కాళ్ళని దగ్గరికి అదిమిపట్టాలి, ఇంకొకరు రెండు చేతులతో బోల్టు తిప్పాలి. మొత్తం నాలుగు చేతుల పని.

అందుకే కారుకి ఏ మోత వచ్చినా అతను బావ ఇంటికి వెళ్ళేవాడు. చక్రం ఊడితే పిల్లలంతా జాకీ మీద నిలబడ్డ కారులో దూరి, స్టీరింగు కోసం కొట్టుకుంటూ ఎక్కడెక్కడికో ప్రయాణాలు చేసేవాళ్ళు. బావ భార్య అప్పటికి ఉంది. కిరసనాయిలు గిన్నె అందిస్తూ, "మీ ఇద్దరికీ ఆ కారుతోనే పెళ్ళి చెయ్యాల్సింది," అనేది. పని అయ్యాక పరీక్ష ఉండేది. కాటాబ్బాయి కారుని వీధి చుట్టూ ఒక రౌండు తిప్పాలి. బావ గేటు పక్కన స్టూలు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని వినాలి. చక్రం కూయకపోతే చెయ్యెత్తుతాడు. చెయ్యి లేవకపోతే మళ్ళీ ఊడదీయడమే. బావ కొడుకు ఒక్కడు తప్ప పిల్లలంతా పెద్దవాళ్ళై తలోచోటా స్థిరపడ్డారు, ఆమె పోయింది, కారు రంగు రెండుసార్లు మారింది. ఆ స్టూలూ ఆ పరీక్షా మాత్రం మారలేదు. తలుచుకుంటే గుండె నిండుగా ఉంటుంది, కాస్త నొప్పిగానూ ఉంటుంది.

భోజనం వేళ క్యారేజీ విప్పకుండానే పనిముట్ల షాపుకి వెళ్ళాడు. సన్నటి పొడుగాటి దుకాణం, గోడల నిండా సైజుల వారీగా వేలాడే స్పానర్లు, గ్రీజు వాసన. షాపాయన అడిగిన వెంటనే కొత్త పుల్లరు బల్ల మీద పెట్టాడు. నికెల్ మెరుపు. కాళ్ళ చుట్టూ ఒక కంఠె ఉంది. దాన్ని తిప్పితే మూడు కాళ్ళూ వేళ్ళు ముడిచినట్టు బిగుసుకున్నాయి. కాటాబ్బాయి చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. బాగుంది. చాలా బాగుంది. వంకపెట్టడానికి ఏమీ లేకపోవడమే అతనికి నచ్చలేదు.

"దీనికి ఒక్క మనిషి చాలు," అన్నాడు షాపాయన. ఆ వెంటనే నాలిక కరుచుకున్నాడు. "కానీ బాబాయ్, ఇది నీకు అమ్మకూడదు."

"అదేంటి?"

"మీ బావగారి ఆర్డరు. మొన్నామధ్య వచ్చి దీన్ని నీలాగే అటూ ఇటూ తిప్పి చూశాడు. చూసి, మా బావొచ్చి అడిగితే అయిపోయాయని చెప్పు అన్నాడు. నేనేమో మర్చిపోయి నీ ముందు పెట్టేశాను."

కాటాబ్బాయి పగలబడి నవ్వాడు. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి నవ్వువల్ల వచ్చినవి కావు.

"అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే మరి," అన్నాడు షాపాయన. "అయినా ఆయన మాటకేం గానీ, కావాలంటే కట్టిస్తా. చేతులకి దెబ్బలు తగిలే వయసా మీది?"

అతను కంఠె మరోసారి తిప్పాడు. ఇది కొంటే వేళ్ళు దక్కుతాయి. పనీ తొందరగా అవుతుంది. కారు తన వాకిట్లోనే ఉంటుంది, చక్రం తన వాకిట్లోనే ఊడుతుంది, రౌండు తిరిగి వచ్చేసరికి గేటు పక్కన ఎవరూ ఉండరు. కొనకపోతే, బావ చెయ్యి జారితే, మళ్ళీ ఆ మొహం చూడాలి. పోయిన ఎండాకాలం రక్తం కారింది తన వేలి నుంచే అయినా, తెల్లబోయింది బావ మొహం. ఆ మొహమే అతనికి ఎక్కువ భయం.

పుల్లరుని మెల్లగా బల్ల మీద పెట్టాడు. "అయిపోయాయని చెప్పమన్నాడుగా. అయిపోయాయనే అనుకుంటా," అని బయటికొచ్చాడు.

సాయంత్రం ఎండ చల్లబడుతుండగా కారు బావ ఇంటి ముందు ఆగింది. బావ అప్పటికే గేటు తీసి నిలబడ్డాడు. నిండుచేతుల చొక్కా వేసుకున్నాడు. వణుకు కనబడకుండా ఈమధ్య అలాంటివే వేస్తున్నాడు.

"వీధి మొదట్లోనే వినబడింది. ఎడమ వెనకది," అన్నాడు. "షాపుకెళ్ళావటగా?"

"ఫోన్ చేశాడా?"

"చేశాడు. చూసి కూడా కొనకుండా వచ్చావేం?"

"ఒక్కడే చేసుకునేదట. ఒక్కణ్ణే కూర్చుని ఏం చేసుకోను బావా?"

బావ లోపలికెళ్ళి పుల్లరు తెచ్చాడు. నూనె గుడ్డతో తుడిచి ఉంది.

చక్రం, డ్రమ్ము ఊడదీయడం కాటాబ్బాయి ఒక్కడే కానిచ్చాడు. పుల్లరు కాళ్ళు తగిలించాడు. బావ ముందుకి వంగి రెండు చేతులా అదిమిపట్టాడు. బోల్టు రెండు చుట్లు తిరిగిందో లేదో బావ వేళ్ళు గజగజలాడాయి, ఒక కాలు జారి పుల్లరు టంగున సిమెంటు మీద పడింది. ఈసారి ఎవరికీ తగల్లేదు. బావ చేతుల వంక చూసుకుంటూ ఉండిపోయాడు.

"ఆడలేక మద్దెల ఓడని పుల్లరుని తిడదామంటే, అది నేను చేసిందే అయిపోయె," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "చేతులు మాట వినడం లేదు బావా," అన్నాడు.

"నావి వింటున్నాయిగా. నాలుగింట్లో రెండు పాసయ్యాయి, చాల్లే."

బావ నవ్వలేదు. చొక్కా జేబులోంచి సైకిలు ట్యూబు ముక్క తీశాడు. పొడవుగా, పట్టీలాగా కోసి ఉంది. కాళ్ళని మళ్ళీ తగిలించమని సైగ చేసి, వాటి చుట్టూ ఆ పట్టీని సాగదీసి సాగదీసి చుట్టాడు. వణికే వేళ్ళతో ముడి వేయడానికి చాలాసేపు పట్టింది. కాటాబ్బాయి సాయం చేయబోతే మోచేత్తో తోశాడు. ముడి పడ్డాక, "ఊఁ, తిప్పు," అన్నాడు.

కాటాబ్బాయి తిప్పాడు. రబ్బరు కీచుమంది, కాళ్ళు మాత్రం విచ్చుకోలేదు. ఎవరూ పట్టుకోకుండానే బేరింగు కదిలింది, మూలిగింది, టప్పుమని చేతిలోకొచ్చి పడింది.

అతను బేరింగుని వదిలేసి పుల్లరునే చూశాడు. "ఇంత చిన్న ఉపాయం ఇన్నేళ్ళూ తట్టలేదేం బావా?"

"తట్టకపోవడమేం," అన్నాడు బావ, గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ. "అది చేసిన వారమే తట్టింది."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు పుల్లరు పట్టుకుని ఇంటికి పోయేవాడివి."

కాటాబ్బాయి కొత్త బేరింగుకి గ్రీజు పట్టించి, ఇనప గొట్టం ఆనించి మెల్లమెల్లగా కొట్టి ఎక్కించాడు. చక్రం బిగించి జాకీ దించాక బావ పుల్లరు వైపు చూపించాడు.

"ఇక దీనికి నాతో పన్లేదు. తీసుకుపో."

"ఇక్కడే ఉండనీ. మళ్ళీ మోతొస్తే నేనే వస్తాగా."

"మోత రాకపోతే?"

"రాకపోయినా వస్తా."

బావ తృప్తిగా తలూపాడు. బావ కోడలు లోపల్నించి రెండు గ్లాసుల టీ తెచ్చి, "మావయ్యా, చల్లారిపోతుంది, తాగి వెళ్ళండి," అంది. బావ తన గ్లాసు అందుకుని గేటు పక్క స్టూలు మీద కూర్చున్నాడు. "ముందు రౌండేసి రమ్మను," అన్నాడు, కళ్ళు మూసుకుంటూ.

కాటాబ్బాయి వీధి చివర మలుపు తిప్పాడు. అద్దాలన్నీ దించాడు. రెండు, మూడు గేర్లు. మోత లేదు. కుడికి తిప్పాడు, ఎడమకి తిప్పాడు. రోడ్డు మీద టైర్లు రాసుకునే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కారు కొన్న ఏడాది సంతోషం మళ్ళీ ఒంట్లోకొచ్చింది. ఒక రౌండు చాలు, అయినా ఊరుకోలేక ఇంకొకటి వేశాడు. మొదటిసారి గేటు ముందు నుంచి పోతున్నప్పుడు బావ చెయ్యెత్తాడు. అద్దంలో అది స్పష్టంగా కనిపించింది. అతను హారను కొట్టి జవాబిచ్చాడు.

రెండో రౌండు ముగించి వచ్చేసరికి బావ గేటు స్తంభానికి ఆనుకుని, మెడ ఓ పక్కకి వంచి, ఇంకా వింటున్నట్టే ఉన్నాడు. టీ గ్లాసు స్టూలు పక్కన నేల మీద నిండుగా ఉంది.

"పాసా, ఫెయిలా?" అని అడుగుతూ కాటాబ్బాయి ఇంజను ఆపాడు.

బావ కళ్ళు తెరవలేదు. చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. అవి వణకడం లేదు.

డాక్టరు వచ్చాడు, చూశాడు, ఏమీ చేయకుండానే వెళ్ళాడు. చెల్లెలు వచ్చింది. అన్నయ్య వేళ్ళకంటిన గ్రీజు తన కొంగుతో తుడవబోయి ఆగిపోయింది. "ఉండనీండి," అంది భర్తతో, "పని చేసి పోయాడు." ఇల్లంతా మనుషులతో నిండింది. వాకిట్లో పడున్న జాకీ, గొట్టం, స్పానర్లు కోడలు ఒక్కొక్కటే ఏరి అరలో పెట్టింది. పుల్లరు దగ్గరికొచ్చి దాని కాళ్ళకున్న ట్యూబు విప్పబోయింది.

"విప్పకమ్మా," అన్నాడు కాటాబ్బాయి.

ఆ పిల్ల దాన్ని అలాగే గేటు పక్క ఖాళీ స్టూలు మీద పెట్టి వెళ్ళింది. మూడు కాళ్ళూ దగ్గరికి ముడుచుకుని, చుట్టూ నల్లటి రబ్బరు పట్టీ, దాని మీద వంకరటింకరగా, గట్టిగా, బావ వేసిన ముడి.