అత్తమ్మ మొక్కు, భూమి లెక్క

కొడుకు దేవన్నకు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో కొలువు పర్మినెంటు అయితే హనుమాండ్ల గుడి చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేస్తానని శ్యామలమ్మ మొక్కుకుంది. కొలువు పర్మినెంటు అయింది. ఈలోపు మోకాళ్ళు టెంపరరీ అయ్యాయి.

శనివారం ఒక్క చుట్టు తిరిగేసరికే ప్రాణం కడగట్టింది. మిగతావి కోడలు వసంత భుజం పట్టుకుని, ఉన్నచోటనే తన చుట్టూ తాను తిరిగేసింది. ఆత్మప్రదక్షిణం కొత్తదేమీ కాదు, పూజారి కూడా తలూపాడు. పక్కింటి రాధాబాయి కొబ్బరిచిప్ప పట్టుకుని అక్కడే నిలబడి ఉండకపోతే అంతా సవ్యంగానే జరిగిపోయేది.

"శ్యామలక్కా, గుడి సుట్టు తిరుగుత అని మొక్కితివి, బొంగరం లెక్క తిరిగితివి. దేవుడు ఊకుంటడా?"

అంతే, శ్యామలమ్మకు ముద్ద దిగలేదు. తీరని మొక్కుకు ఇచ్చిన కొలువు దేవుడు వాపసు తీసుకుంటాడేమోనని భయం. దేవన్న టిఫిన్ డబ్బా పట్టుకుని డ్యూటీకి బయలుదేరితే, యుద్ధానికి పోతున్నట్టు గల్లీ మలుపు దాకా చూసేది.

చివరికి వసంతను పిలిచింది. వసంత నిజామాబాద్ కాలేజీలో బీయెస్సీ ఫిజిక్స్ చదివింది. పెళ్ళయ్యాక ఆ ఫిజిక్సు పాలు పొంగకుండా చూడడానికే ఖర్చవుతోంది కాబట్టి, ఎవరైనా ప్రశ్న అడగడమే మహాభాగ్యం.

"బిడ్డా, భూమి తన సుట్టు తను తిరుగుతదంటవు, సూర్యుని సుట్టు గుడ తిరుగుతదంటవు. రెంట్ల ఏది పెద్దది?"

వసంత సుద్దముక్క తీసుకుని వంటింటి గచ్చు మీద కూర్చుంది.

"తిరుగుడుల ఎంత ఊపున్నదో కొలిచే లెక్కొకటి ఉన్నది అత్తమ్మా. కోణీయ ద్రవ్యవేగం అంటరు. బరువు, వేగం, నడిమి నుంచి దూరం, మూడూ గుణించాలె."

"బరువు గుడనా?" శ్యామలమ్మ కొంగు సర్దుకుంది.

"రెండు దిక్కులా అదే బరువు గదా, కొట్టుకపోతది."

శ్యామలమ్మకు ఫిజిక్సు మీద మొదటిసారి గౌరవం కలిగింది.

భూమిని లోపలా బయటా ఒకే గట్టిదనం ఉన్న లడ్డూ అనుకుని వసంత లెక్క మొదలుపెట్టింది. తన చుట్టూ తాను తిరిగేటప్పుడు లడ్డూలో ఏ పలుకైనా ఇరుసుకు మహా అయితే ఆరువేల నాలుగొందల కిలోమీటర్ల దూరం. సూర్యుడేమో పదిహేను కోట్ల కిలోమీటర్ల అవతల. సూర్యుని ఒక్కసారి చుట్టి వచ్చేలోగా భూమి రోజుకొకటి చొప్పున ఏడాది పొడుగునా గింగిరాలు కొడుతుంది నిజమే. కానీ అంత దూరం ముందు ఆ గింగిరాలు ఏ మూలకు? పొయ్యి మీద పప్పు అడుగంటేలోగా జవాబు వచ్చేసింది.

"సూర్యుని సుట్టు తిరిగేదే పెద్దది అత్తమ్మా! దాదాపు ముప్పయ్యెనిమిది లక్షల రెట్లు!"

లెక్క కుదిరిన సంబరంలో గట్టిగా చెప్పేసి, అప్పుడు అత్తగారి మొహం చూసింది.

"అంటే... నేను ఇంక ముప్పయ్యెనిమిది లక్షలసార్లు తిరగాల్నా?"

వసంత నాలుక కరుచుకుంది.

"పోనీ బృహస్పతి సంగతి సూడు బిడ్డా. పెద్దోడు, దయగలోడు."

చూసింది. లడ్డూ చాలా పెద్దది, గింగిరాలు ఇంకా జోరు. అయినా సూర్యుని చుట్టూ తిరిగేదే వేల రెట్లు ఎక్కువ. గ్రహాల్లో అత్తగారి పక్షాన మాట్లాడేవాడు ఒక్కడూ దొరకలేదు. సుద్దగీతలు తుడుస్తుంటే, బయట లింబయ్య రిక్షా బెల్లు మోగింది. వసంత చెయ్యి ఆగింది.

"అత్తమ్మా, భూమి నడుస్తదా?"

"దానికి కాళ్ళేడియి?"

"మరి దాని ప్రదక్షిణం చెల్లదని ఎవరన్న అన్నరా?"

మరుసటి శనివారం శ్యామలమ్మ పట్టుచీర కట్టి రిక్షా ఎక్కింది, పక్కన వసంత. గుడి సందులోకి రిక్షా పట్టదు. అందుకని చుట్టుపక్కల గల్లీల మీదుగా, గుడి ఎప్పుడూ కుడిచేతి దిక్కే ఉండేట్టు తిప్పమని లింబయ్యకు చెప్పారు. దూరం పెరిగితే ఊపూ పెరుగుతుందని తెలిశాక శ్యామలమ్మ ఊరుకోలేదు. "ఇంకింత బయటికెల్లి పోనియ్యి లింబయ్యా!" అని చెరుకు బండ్లు బారులు తీరిన రోడ్డు దాకా తిప్పించింది.

రెండో చుట్టులో రాధాబాయి అడ్డం వచ్చింది. "గిదేం ప్రదక్షిణం శ్యామలక్కా? తిరిగేది రిక్షా, నువ్వు కూసున్నవు!"

"భూమి గుడ కూసునే తిరుగుతది. నీ మోకాళ్ళు మంచిగున్నయా రాధా?"

రాధాబాయి అటూ ఇటూ చూసింది. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, "జరుగుండ్రి" అంది.

ముగ్గురితో రిక్షా ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. లింబయ్య తువ్వాలతో మొహం తుడుచుకుని వెనక్కి తిరిగాడు.

"బరువు కొట్టుకపోతదని శ్యామలమ్మ పొద్దుగాలనుంచి చెప్తున్నది. అది మీ లెక్కల కొట్టుకపోయింది వసంతమ్మా, నా కాళ్ళల్ల కాదు."

వసంత దిగి, కొంగు నడుముకు దోపుకుని, రిక్షాను వెనకనుంచి నెట్టింది. మిగిలిన చుట్లన్నీ నడిచే తిరిగింది. పైన రిక్షాలో శ్యామలమ్మ రాధాబాయికి బృహస్పతి సంగతి వివరిస్తోంది.