అత్తగారూ పదకొండు పలకలూ

భార్యతో ఊరెళ్ళి, వారం రోజుల తర్వాత ఇంటికొచ్చి తలుపు తీసిన అల్లుడికి మొదటి అడుగులోనే అనుమానం వచ్చింది. కాలి కింద నేల ఎప్పటిలా టకటకమనలేదు, చితచితలాడింది. లైటు వేసి చూశాడు. వంటింటి గోడలోని నీళ్ళ గొట్టం ఎన్నాళ్ళుగా లోపల కారుతూ ఎప్పుడు పగిలిందో ఏమో, ముందుగదిలోని చెక్క నేలంతా నీళ్ళు తాగి ఉబ్బిపోయింది. పలకల అంచులు పైకి లేచి, చేత్తో తడిమితే రేకుల కప్పులా ఎగుడుదిగుడుగా తగిలాయి. కిటికీ కింద నల్లటి మరకలు పడ్డాయి. ఒక మూల కాలు పెడితే మెత్తగా లోపలికి దిగింది.

ఆ పాత ఇల్లు కొన్నదే ఆ నేల చూసి. భార్య ఆసుపత్రిలో నర్సు. అతను ఒక ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. అక్షరం వంకర పోతే పట్టుకుంటాడు గానీ, ఇంట్లో మేకు కొట్టాలంటే భార్యనే పిలుస్తాడు.

గొట్టం బాగుచేయించాక, నేలలు వేసే కాంట్రాక్టరు వచ్చి, బూటు మడమతో నాలుగు చోట్ల కొట్టి చూశాడు.

"మొత్తం పీకెయ్యాలండి. కొత్తది వేద్దాం."

అతను చెప్పిన ఖర్చు వినగానే భార్యాభర్తలిద్దరూ తలలు అడ్డంగా ఊపారు.

"పోనీ, చెక్క డిజైను ఉన్న ప్లాస్టిక్ షీటు పైన పరిచేస్తాను. చూసేవాళ్ళకి తేడా తెలీదు."

"మాకు తెలుస్తుందిగా!" అంది భార్య.

తెలిసినా చేసేదేముంది? షీటుకే ఒప్పుకుందామని ఉసూరుమంటూ కూర్చున్న సమయంలో, ఫోనులో సంగతి విన్న అత్తగారు ఒక చేతిసంచీతో బస్సు దిగింది.

పిడికెడంత మనిషి. ముప్ఫై ఏళ్ళు చెక్క నేలలు వేసి పాలిష్ చేసే కార్ఖానాలో పనిచేసి రిటైరయింది. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా ఆవిడకీ అల్లుడికీ మధ్య "బాగున్నారా అల్లుడుగారూ", "బాగున్నానండీ" దాటి మాటలు సాగలేదు. అతను గదిలోకి వస్తే ఆవిడ కొంగు సర్దుకుని లేచి నిలబడేది. అతను ఇబ్బంది పడి బయటికి వెళ్ళిపోయేవాడు.

ఆరోజు మాత్రం ఆవిడ అతన్ని పలకరించను కూడా లేదు. సంచీ గుమ్మంలోనే వదిలేసి, నేలమీద బోర్లా పడుకుని, చెవి ఆనించి, వేలి కణుపుతో ఒక్కో పలకా తట్టడం మొదలుపెట్టింది. గది ఈ చివర నుంచి ఆ చివరకి అలాగే పాకింది. అరగంట తర్వాత లేచి కూర్చుంది.

"దీన్ని పీకెయ్యమన్నదెవరండీ?"

"కాంట్రాక్టరండీ."

"ఆయన చెవులు పీకెయ్యాలి. పుచ్చినవి పదకొండు పలకలే. మిగతావి నీళ్ళు తాగి అలిగాయి, అంతే. ఆరితే వాటంతటవే దిగొస్తాయి. ఇప్పుడే గీకి చదును చేశారనుకోండి, ఆరాక పలక నడుమ గూని లేస్తుంది."

కిటికీలు తెరిచి, రెండు ఫ్యాన్లు పెట్టి, ఆరబెట్టడం మొదలుపెట్టారు. రోజూ పొద్దున్నే ఆవిడ పలకమీద స్కేలు అడ్డంగా పెట్టి, కింద సందులో ఎన్ని కాగితం మడతలు పడతాయో చూసేది. మొదటిరోజు ఆరు పట్టాయి. వారానికి నాలుగు. అల్లుడికి తల ప్రాణం తోకకి వచ్చింది.

"ఇంకెన్నాళ్ళండీ?"

"చెక్కని అడగండి," అనేది ఆవిడ.

పద్దెనిమిదో రోజుకి ఒక్క మడతే పట్టింది. ఎవరూ చెయ్యి వెయ్యకుండానే నేల చాలావరకు చదునైంది. అల్లుడు మోకాళ్ళమీద కూర్చుని తడిమి తడిమి చూసుకున్నాడు.

ఇక పుచ్చిన పదకొండింటికి బదులు కావాలి. అతను మూడు దుకాణాలు తిరిగాడు. అంత వెడల్పు పలకలు ఇప్పుడెవరూ కొయ్యడం లేదన్నారు. ఉత్తచేతులతో తిరిగొచ్చేసరికి అత్తగారు పడగ్గదిలో, గోడలో కట్టిన అలమరాలోంచి బట్టలన్నీ తీసి మంచంమీద పోస్తోంది.

"ఇటు రండి. కిందకి చూడండి."

అలమరా లోపలి నేలకీ అవే పలకలు. అదే వెడల్పు, అదే రంగు, అదే వయసు. అల్లుడు నోరు వెళ్ళబెట్టాడు. ఆ తలుపు తను రోజుకి పదిసార్లు తీస్తాడు.

"ఇవి అక్కడికి, మామూలు ప్లైవుడ్ ముక్క ఇక్కడికి," అంది ఆవిడ. "అలమరాలో నేలని చూసేదెవరండీ, మీ బూట్లు తప్ప?"

పుచ్చిన పలకని నడుమ ఉలితో నిలువునా చీల్చి, రెండు ముక్కల్నీ లోపలివైపుకి లాగి తీసింది, పక్క పలకల అంచులు చెక్కుచెదరకుండా. అలమరావి తీసేటప్పుడు మాత్రం పసిపిల్లని నిద్రలేపుతున్నట్టు గోడవైపు నుంచి కొంచెం కొంచెంగా ఎత్తింది. ఒక పలక అంచున నాలుకలా పొడుచుకొచ్చిన భాగం పక్కదాని గాడిలోకి దూరుతుంది. ఆఖరి పలకకి అలా దూరే చోటుండదు. దాని గాడి కింది అంచుని ఆవిడ నున్నగా కోసేసి, జిగురు రాసి, పైనుంచి దింపి, కొయ్య సుత్తితో రెండు దెబ్బలు వేసింది. అది తన చోట్లో కూర్చున్న చప్పుడుకి అల్లుడు అప్రయత్నంగా "ఆహా!" అన్నాడు.

తర్వాత నేల గీకే యంత్రాన్ని ఒక్కరోజుకి అద్దెకి తెచ్చారు. దాని బరువు ఆవిడ మోయలేదు కాబట్టి నడిపే పని అల్లుడికి పడింది.

"కదుల్తూనే ఉండాలండీ అల్లుడుగారూ. నిలబడితే గుంట పడుతుంది."

గంటసేపు బాగానే నడిపాడు. ఇంతలో జేబులో ఫోను మోగింది. ఒక్క క్షణం ఆగి జేబు తడుముకున్నాడు.

"లేపరా! మిషను లేపరా, వెధవా!"

అల్లుడు మిషను లేపి, ఆపేశాడు. అత్తగారు రెండు చేతులతో నోరు మూసుకుంది. వంటింట్లోంచి భార్య నవ్వు ఆపుకోలేక దగ్గుతోంది.

"తప్పయిపోయింది అల్లుడుగారూ... కార్ఖానా నోరు..."

"లేదండీ, తప్పు నాదే." అతను చిన్నతనంలోనే తల్లి పోయిన మనిషి. "మీరు అలాగే పిలవండి. వెధవా కూడా ఉంచండి, పరవాలేదు."

గుంట చెంచా లోతున పడింది. అత్తగారు చీపురుపుల్లలాంటి చేతులతో ఒక పదునైన ఉక్కు రేకు పట్టుకుని, గుంట చుట్టూ మూరెడు దూరం నుంచి గీకుతూ వచ్చింది. రేకు కదిలినప్పుడల్లా ఉల్లిపొరలాంటి పొట్టు లేచింది. కాసేపటికి అల్లుడు రెండో రేకు తీసుకుని ఎదురుగా కూర్చున్నాడు. "మణికట్టుతో కాదురా, భుజంతో," అని ఆవిడ చెబుతూ ఉంటే మధ్యాహ్నం దాకా గీకాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. చివరికి గుంట ఎక్కడుండేదో ఇద్దరూ వెతుక్కోవలసి వచ్చింది.

ఆ రాలిన పొట్టునే జిగురులో కలిపి సందులు నింపారు. మరకలు తీసే పొడి నీళ్ళలో కలిపి రాస్తే రెండు నల్లమచ్చలు పోయాయి, మూడోది సగమే పోయింది. ఉంటే ఉందిలే అనుకున్నారు. కిటికీవైపు నుంచి గుమ్మంవైపుకి, చెక్క గీతల వెంబడి మూడు పూతల వార్నిష్ వేశారు. ఆఖరి పూత ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తుంటే అల్లుడొక్కడే వేశాడు. మొత్తమ్మీద కాంట్రాక్టరు చెప్పినదాంట్లో పదో వంతు కూడా ఖర్చవలేదు.

బ్రష్షు కడిగి వచ్చేసరికి అత్తగారు సంచీ సర్దుకుంటోంది.

"ఇదేంటండీ? ఇంకా ఆరలేదు!"

"ఆరడానికి నేనెందుకురా? పూత అయ్యాక మా కార్ఖానావాళ్ళకి పనేముంటుంది? బండి ఎక్కి ఇంకో చోటికి పోవడమే. నాట్యశాలలు, బ్యాంకులు, పెద్దపెద్ద మేడలు, ఎన్ని చేశామో!"

"ఆరాక ఒక్కసారైనా నడిచారా, వాటిమీద?"

ఆవిడ ఆలోచించింది. "లేదురా," అంది తేలిగ్గా. "మమ్మల్నెవరు పిలుస్తారు?"

అల్లుడు సంచీ తీసి మంచం కింద పెట్టాడు.

మూడోరోజు పొద్దున భార్య రాత్రి డ్యూటీ ముగించుకుని ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ముందుగది తలుపు తెరిచి ఉంది. ఎండ కిటికీలోంచి పడి, నేల తేనె పోసినట్టు మెరుస్తోంది. అత్తగారు గుమ్మంలో నిలబడి పాదాలు రెండుసార్లు తుడుచుకుంది. ముందు గోడవార నడిచింది, తర్వాత అడ్డంగా నడిచింది. ఎక్కడా కిర్రుమనలేదు. కిటికీ దగ్గర ఆగి, తిరిగి చూసింది. ఎండ పడే చోట కాళ్ళు బారజాపుకుని కూర్చుంది.

"సోఫా మళ్ళీ తెచ్చి వేసేద్దామా అమ్మా?" అంది కూతురు.

"రేపు తెచ్చుకోవచ్చులే," అంది ఆవిడ, పక్కనున్న పలకని అరచేత్తో నిమురుతూ.

అల్లుడు మూడు గ్లాసులతో టీ తెచ్చి, ఆవిడ పక్కనే నేలమీద చతికిలబడ్డాడు.