ఇరవై నాలుగు గంటల పట్టీ

"అట్టు మాడిపోతంది, కనబడతందా?" అన్నాడు మా ఆయన సూర్యప్రకాష్, పేపర్లోంచి తలెత్తకుండానే.

కనబడుతోంది. వాసన కూడా వస్తోంది. కానీ సరిగ్గా అప్పుడే నా ఎడమ జబ్బకు కట్టిన పట్టీ గుయ్యిమంటూ బిగుసుకుంది. అది బిగిసినప్పుడు కదలకూడదు, మాట్లాడకూడదు. పొయ్యి ముందు బొమ్మలా నిలబడి అట్టుకు వీడ్కోలు చెప్పాను.

పన్నెండేళ్ళుగా నాకు పెద్దపేగులో వాపు, పుళ్ళు. అది ఎప్పుడు తిరగబెడుతుందో దానికే తెలియదు. మేముండే ఈ హిందీ ఊళ్ళో, కాసిడీహ్‌లో నేను పాఠాలు చెప్పే బడిలో, క్లాసు మధ్యలో లేస్తే హెడ్మాస్టరు గోడ గడియారం చూస్తాడు. ఇంట్లో అయితే "బాత్రూంలో కాపురం పెట్టేవేటి?" అంటాడు మా ఆయన. ఇన్నేళ్ళూ గొడవ పేగుతోనే అనుకున్నాను. పోయిన వారం డాక్టరమ్మ కొత్త సంగతి చెప్పింది. వాపు ఏళ్ళ తరబడి ఉంటే రక్తనాళాలు కూడా తొందరగా బిరుసెక్కవచ్చట, బీపీ పెరగవచ్చట. "నీ వయసు నలభై ఒకటి. నీ రక్తనాళాలు నీకంటే పెద్దవి" అంది. ఇంట్లో నాకంటే పెద్దవాళ్ళకు చేసే సేవ చాలక, ఇప్పుడు నా ఒంట్లోనూ పెద్దవాళ్ళు చేరారన్నమాట. ఒక రోజంతా అరగంటకోసారి బీపీ కొలిచే మిషను శనివారం సాయంత్రం కట్టి, ఏ వేళకు ఏం చేస్తున్నానో కాగితం మీద రాయమంది.

ఆదివారం పొద్దున్నంతా రాశాను. ఏడున్నర, అట్లు. ఎనిమిది, బట్టలు. ఎనిమిదిన్నర, మా అమ్మాయి శ్వేత "మమ్మీ, మేరా చార్జర్ కహా హై?" అని హిందీలో చార్జర్ అడిగితే మంచం కింద దూరడం.

పన్నెండింటికి పట్టీ వదులైపోయాక, ముందుగదిలోంచి కేక వచ్చింది. "కల్యాణీ, నీళ్ళు!"

ఎందుకో నోరు తెరవలేదు. పెదవుల మీద వేలు పెట్టి, పట్టీ చూపించాను. ఆయన కాసేపు చూసి, లేచాడు. పెళ్ళయిన పదిహేనేళ్ళకు మా ఫ్రిజ్ తలుపు ఎటు తెరుచుకుంటుందో ఆయనకు తెలిసింది.

ఇక నేను చెడిపోయాను. మూడున్నరకు కుర్చీలో కూర్చుని, మిషను ఆగినా కళ్ళు తెరవలేదు. నలభై నిమిషాలు. ఆయనే టీ పెట్టాడు. చక్కెర మరిచాడు, అయినా వేడిగా ఉంది. వేడి టీ తాగి ఎన్నాళ్ళయిందో.

సోమవారం డాక్టరమ్మ అంకెలు చూసింది. "ఏడున్నరకు నూట యాభై ఎనిమిది. మూడున్నరకు, నాలుగింటికి మాత్రం నూట ఇరవై రెండు. అప్పుడేం జరిగింది?"

"నేను టీ పెట్టాను మేడమ్" అన్నాడు మా ఆయన, మెడల్ అందుకుంటున్నట్టు.

"మంచిది. రోజూ పెట్టండి" అంటూ ఆవిడ చీటీలో నాకు బీపీ మాత్ర రాసి, దాని కింద ఆ మాట కూడా రాసింది.

ఇంటికి రాగానే మా అత్త నూకమ్మ వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. డెబ్భై ఏళ్ళ మనిషి. చూపు తగ్గింది కానీ చెవులు కావు.

"నిన్న ఆ మిసను గుయ్యిమనడం ఆగిపోయినా నువ్వు కల్లు మూసుకునే కూకున్నావు. నాకు ఇనబడదనుకున్నావేటే?"

ఆ క్షణాన పట్టీ ఉంటే అంకెలు దానిలో పట్టేవి కావు.

"ఆడికి సెప్పలేదులే" అంది. ఎండు కర్రలాంటి ఎడమచెయ్యి నా ముందుకు చాపింది. "పదమూడో ఏట పొయ్యి కాడికొచ్చినాను. నాకూ ఓపాలి కట్టించవే."

"ఒక్కరోజే కడతారత్తా."

"ఒక్కరోజేనా?" ఆమె లెక్క వేసుకుంది. "అయితే సుట్టాలొచ్చే రోజు సూసి కట్టించు."

దసరాకు మా ఆడపడుచులు ముగ్గురూ పిల్లలతో వస్తున్నారు. నేను ఆస్పత్రికి ఫోన్ చేసి, పండగ ముందురోజు సాయంత్రం మిషన్లు రెండు దొరుకుతాయా అని అడిగాను.