మసిగుడ్డ

మరుగుతున్న చాయ్ గిన్నెను ఓదెలు ఉత్త చేతులతోనే పొయ్యి మీద నుంచి ఎత్తాడు. మొగుళ్లపల్లిలో రాజ్‌కుమార్ హోటల్‌కు పొద్దున్నే వచ్చేవాళ్లలో సగం మందికి చాయ్ కంటే ఈ తమాషా మీదే మోజు.

"గవి చేతులా, పట్కార్లా?" అంటాడు బస్సు కండక్టరు రోజూ. ఓదెలు రోజూ నవ్వుతాడు. పన్నెండేళ్ల పనిలో అతను సంపాదించిన పేరు అదొక్కటే. దాన్ని ఎవరు వదులుకుంటారు?

మొదట్లో ఆ చేతులూ అందరి చేతుల్లాగే చుర్రుమనేవి. ఎనిమిదేళ్ల కింద వీపు మీద రూపాయి బిళ్లంత మచ్చ పాలిపోయి కనిపించింది. నొప్పి లేదు, దురద లేదు. లేని బాధకు దవాఖాన ఎందుకనుకున్నాడు. తర్వాత్తర్వాత చేతులకు సెగ తెలియడం మానేసింది. అది పనితనమని రాజ్‌కుమార్ అన్నాడు, ఓదెలూ అదే అనుకున్నాడు. చేతుల మీద బొబ్బలు చూడలేక భార్య మైసమ్మ పాత పంచె మడతపెట్టి మసిగుడ్డ కుట్టి ఇచ్చింది. గుడ్డ పట్టుకుంటే నవ్వుతారని దాన్ని హోటల్లో పొయ్యి పక్క మేకుకు తగిలించాడు.

ఏటా ఆశా కార్యకర్త సుమలత కుష్ఠు సర్వేకు వచ్చి, "అన్నా, ఒంటి మీద మచ్చలేమన్న ఉన్నయా?" అని అడిగేది. ఓదెలు చొక్కా సర్దుకుని ఏ మచ్చలూ లేవనేవాడు. ఉన్నాయంటే అతని చేతి చాయ్ ఎవరు తాగుతారు?

ఇవాళ సుమలత చాయ్ కోసం బెంచీ మీద కూర్చుంది. ఓదెలు గిన్నె పట్టుకుని కండక్టరుతో మాటల్లో పడ్డాడు. మధ్యలో ఆగి ముక్కు ఎగబీల్చాడు.

"ఏందో మాడుతుంది రాజన్నా. జర చూడు."

రాజ్‌కుమార్ పాలు చూశాడు, బజ్జీల మూకుడు చూశాడు. సుమలత ఒక్క ఉదుటున లేచింది.

"అన్నా, నీ చెయ్యే!"

ఓదెలు గిన్నె దించాడు. రెండు వేళ్ల తోలు గిన్నె అంచుకే ఉండిపోయింది. పక్కవాడి చేతిని చూసినట్టు చూసుకున్నాడు.

సుమలత కాలిన చేతి మీద చాలాసేపు నీళ్లు పోసి, శుభ్రమైన గుడ్డ చుట్టింది. వెనక గదిలో కూర్చోబెట్టి కళ్లు మూసుకోమంది. పెన్ను మొనతో కాలని ఎడమ అరచేతిని అక్కడా ఇక్కడా తాకింది.

"తాకినప్పుడల్లా చెప్పన్నా."

ఓదెలు బుద్ధిగా కళ్లు మూసుకుని ఎదురుచూశాడు.

"ఇంక షురూ చెయ్యవా చెల్లె?" అన్నాడు కాసేపటికి.

ఆమె పెన్ను పక్కన పెట్టింది. "భూపాలపల్లి దవాఖానల మందులు ఉత్తగనే ఇస్తరు. బీమారి పోతది. కని గిన్ని ఏండ్లు ఆలస్యమైంది. సచ్చిన నరాలు మళ్ల రావన్నా. ఇగ నిప్పు కాడ పని వద్దు."

అప్పుడు ఏడ్చాడు ఓదెలు. చేతి కోసం కాదు, పేరు కోసం.

బయట బెంచీ మీద ఇద్దరు చాయ్ సగంలోనే వదిలేసి లేచిపోయారు. భూపాలపల్లి బస్సు కదలబోతోంది. "పోయి రా," అన్నాడు రాజ్‌కుమార్. ఎప్పుడు రావాలో చెప్పలేదు. కండక్టరు ఓదెలుకు కిటికీ పక్క సీటు చూపించాడు.

మధ్యాహ్నం మళ్లీ చాయ్ మరిగింది. గిన్నె దించబోయి రాజ్‌కుమార్ చురుక్కుమన్న వేళ్లను వెనక్కి లాక్కున్నాడు. మేకు వైపు చూశాడు. మైసమ్మ కుట్టిన గుడ్డ పొగకు కాస్త పసుపెక్కింది గాని, దాని మీద మసి మరక ఒక్కటీ లేదు.