ఎవరు చేశారో రాయండి

పన్నుల వార్తలు వేసే ఆ వారపత్రిక ఆఫీసులో పొద్దున్నే టీ కంటే ముందు చీపురు పడాలి. ముందురోజు వ్యాసాల్లోంచి రాలిన అక్షరాలు బల్లల కింద నల్లచీమల్లా పేరుకుని ఉంటాయి. ఊడ్చే ఆవిడ "ఇవాళ మరీ ఎక్కువ రాల్చారు" అని సణుక్కుంటూ చేటకెత్తి పారబోస్తుంది.

ఇది మొదలై ఏడాదిన్నర. బయటినుంచి వ్యాసాలు రాసేవాళ్ళ కోసం సబ్ఎడిటరు నియమాలు రాసి గోడకి అంటించింది. మొదటి నియమం: "'బడింది' వద్దు. ఎవరు చేశారో రాయండి." ఆనాటి నుంచి 'నోటీసు పంపబడింది' లాంటి వాక్యాలు ఆ గదిలో కాగితం మీద నిలవడం మానేశాయి. చేసినవాళ్ళెవరో రాస్తే నిలుస్తాయి. అబద్ధం రాస్తే అదీ రాలుతుంది.

సబ్ఎడిటరంటే ఎవరికీ గిట్టదు. చాటున అక్షింతలమ్మ అంటారు. ఆవిడకీ ఎవరూ గిట్టరు.

అందరికంటే ఎక్కువ మండిపడేది మాజీ అధికారి. పన్నుల శాఖలో రిటైరై వారం వారం తన అనుభవాలు రాస్తాడు. ఆ మంగళవారం ఒక సబ్బుల దుకాణం సంగతి తెచ్చాడు. రెండేళ్ళ కిందట పన్ను కట్టలేదని శాఖ దానికి తాళం వేసింది. కట్టాను, రసీదులు మీకే ఇచ్చాను అని ఆ దుకాణం ఆవిడ ఎంత మొత్తుకున్నా వినలేదు. 'విచారణలో కొన్ని రసీదులు పోగొట్టబడ్డాయి' అని వ్యాసంలో ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

ఆ ముక్కే రాలిపోయింది.

"ఎవరు పోగొట్టారండీ?" అంది సబ్ఎడిటరు.

"అది నా శైలి. నీ వయసంత సర్వీసు నాది."

"ఎవరు?"

"గుమాస్తాలని రాసుకో."

రాసింది. అక్షరాలు జలజలా ఆయన బూట్ల మీద పడ్డాయి.

"ఆవిడ అసలు ఇవ్వనే లేదని రాయి!"

అదీ రాలింది.

సంపాదకుడు తన గదిలోంచి విసుక్కున్నాడు. "తీసి పారెయ్యమ్మా ఆ వాక్యం. పెద్దాయనతో గొడవెందుకు?"

సబ్ఎడిటరు ఆ ఖాళీలో, ఆయన మాటగానే, 'నేను పోగొట్టాను' అని రాసింది. నిలిచింది. వేలితో రుద్దింది. కదల్లేదు.

మాజీ అధికారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఆ దుకాణం ఆవిడ అందరి ముందూ నన్ను లంచగొండి అంది. ఆవిడిచ్చిన రసీదుల కవరు తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేశాను" అన్నాడు గొంతు తగ్గించి. వెంటనే పళ్ళు కొరికాడు. "నువ్వు బాగుపడవు."

సంపాదకుడు లేచొచ్చి చదివాడు. తన పాత స్నేహితుడైన ఆ పెద్దాయన వైపు చూళ్ళేదు. "నిలిచింది కదా. ప్రెస్సుకి పంపెయ్."

పత్రిక వచ్చిన పదోనాటికి శాఖ దుకాణం తాళం తీసింది. మాజీ అధికారి మీద విచారణ మొదలైంది.

ఆ మర్నాడే సబ్బుల దుకాణం ఆవిడ ఆఫీసుకొచ్చింది. రెండేళ్ళ కిందటి పత్రిక సంచికొకటి సబ్ఎడిటరు బల్ల మీద విసిరికొట్టింది.

"థాంక్స్ చెప్తాననుకోకు. 'దుకాణం మూసివేయబడింది' అని వేశారు ఆనాడు. నేనే ఎత్తేసి పారిపోయానని ఊరంతా అనుకుంది. ఇది దిద్దిందెవరు?"



"నేనే" అంది సబ్ఎడిటరు. "మీరు మా కిటికీ కింద నిలబడి అరిచారు. కిటికీ వేసుకున్నాను. తర్వాత ఎంత ప్రయత్నించినా ఆ అరుపు మర్చిపోలేకపోయాను. అందుకే ఆ నియమం రాశాను."

"నీ నియమం నా రెండేళ్ళు తెస్తుందా?"

"తేదు."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయితే కొత్త వార్త రాయి. దుకాణం తెరిచారని."

సబ్ఎడిటరు 'శాఖ తెరిచింది' అని మొదలుపెట్టింది.

"శాఖ తాళమే తీసింది. బూజు దులిపి, తలుపులు తెరిచి కూర్చుంది నేను. అది రాయి."

కొట్టేసి మళ్ళీ రాసింది. సిరా ఆరేదాకా ఇద్దరూ కాగితాన్నే చూశారు. ఒక్క అక్షరం కూడా కదల్లేదు. సబ్బుల ఆవిడ లేచి, వస్తానని కూడా చెప్పకుండా, బేరాలకి టైమవుతోందని విసవిసా మెట్లు దిగి వెళ్ళిపోయింది.