తెల్లవారకముందే లేచే పిల్ల

నేను లేచేసరికే వంటగది తుడిచేసి ఉంది. మేము దత్తత తెచ్చుకున్న తొమ్మిదేళ్ల కూతురు స్టూలెక్కి నిలబడి బియ్యం కడుగుతోంది. ఇంతకుముందు ఒకింటివాళ్లు తీసుకెళ్లి, నచ్చలేదని మళ్లీ అనాథాశ్రమంలో దింపేసిన పిల్ల.

“ఎంత బుద్ధిమంతురాలో! నీకన్నా నయం, చూసి నేర్చుకో,” అని అత్తయ్య నాకో చురక అంటించింది.

ఆ బుద్ధిమంతురాలు బడిలో బల్ల మీద తలవాల్చి నిద్రపోతోందట. “ఇంట్లో పడుకోనివ్వరా అమ్మా?” అని టీచరు అడిగితే తల కొట్టేసినట్టయింది. నా చదువు ఎనిమిదితోనే ఆగిపోయింది. దాని ఇంగ్లీషు మీడియం లెక్కలు నాకు రావు, సరే. పిల్లని కంటినిండా నిద్రపుచ్చడం కూడా రాదా? పెందలాడే అన్నం పెట్టాను, టీవీ కట్టేశాను, పక్కన పడుకుని వీపు నిమిరాను. అయినా నాకంటే ముందే లేస్తోంది. ఇలా అయితే చదువెలా ఎక్కుతుంది, నేను దానికి అమ్మనెప్పుడవుతాను అని ఒకటే బెంగ.

ఆదివారం పొద్దున్న చెయ్యి పట్టుకుని ఆపాను. “నిన్నెవరైనా చెయ్యమన్నారా తల్లీ?”

తలొంచుకుంది. “చెయ్యకపోతే పంపించేస్తారుగా.”

“ఎవరన్నారలా?”

“నాన్న. కూరలో ఉప్పెక్కువైందని నీతో అన్నాడుగా, ఇలాగైతే పుట్టింటికి పంపించేస్తానని. నువ్వు నవ్వి, మళ్లీ వండావు.”

పెళ్లైన కొత్తలోంచీ ఆయన అనే మాటే అది. మొహం ముడుచుకుంటే “జోకు కూడా అర్థం కాదా నీకు?” అంటాడు. అందుకే నవ్వుతాను. అంట్లు తోమినట్టు, బట్టలు ఉతికినట్టు, ఆ నవ్వూ నా పనుల్లో ఒకటైపోయింది. ఇది నీ ఇల్లే అని నేను చెప్పిన కబుర్లేవీ పిల్ల చెవికెక్కలేదు. జ్వరంలోనూ పొయ్యి దగ్గర నిలబడ్డ నన్ను మాత్రం కళ్లారా చూసింది.

“నిన్నెవరూ పంపించరు,” అన్నాను.

“మరి నిన్నో?”

దాన్ని తీసుకెళ్లి నా పక్కన పడుకోబెట్టుకుని దుప్పటి కప్పాను.

“అమ్మాయ్, టీ ఏదీ?” అత్తయ్య కేక. పిల్ల ఉలిక్కిపడి లేవబోయింది. ఆపాను.

“మీ అబ్బాయిని పెట్టమనండి అత్తయ్యా. మేం పడుకున్నాం.”

ఆయన గుమ్మంలోకొచ్చాడు. “పెళ్లాం లేవదు, కూతురు లేవదు! ఇద్దర్నీ కలిపి పంపించేస్తా ఉండు,” అని నవ్వాడు.

ఈసారి నేను నవ్వలేదు. “ఆ మాట ఈ ఇంట్లో ఇంకెప్పుడూ అనకండి. సరదాకి కూడా.”

ఆయన నవ్వు ఆగిపోయింది. పిల్ల నిద్రపోలేదు. ఇప్పుడు అమ్మనేం చేస్తారో అని ఊపిరి బిగబట్టి నా మొహంలోకే చూస్తోంది. అది చూస్తుండగానే, దుప్పటి ఇద్దరి మీదికీ లాక్కుని, నేనే ముందు కళ్లు మూసుకున్నాను.